పాటలో హాస్యగాడు

పాట పాడి జనులను ఏడ్పించుట కష్టము. పాట పాడి నవ్వించుట అంతకంటెను కష్టము. ఏడ్చువాడు పాటలో ఒక మాట వినకపోయినను రాగమునుబట్టి కంటతడి పెట్టును. నవ్వవలసినవాడు ప్రతి మాటయు వినవలెను. వినిన మాట వెంటనే తెలియవలెను. తెలిసిన మాట తన బ్రదుకులోనిదై యుండవలెను. ఈ మూడింటిలో ఏది లోపించినను నవ్వు రాదు. అందుచేత నవ్వించు పాటగాండ్ర బృందము ఎక్కడ వర్ధిల్లినను, అది ఆ చోటి మాటను, ఆ చోటి జనమును చక్కగా ఎరిగినదని చెప్పవచ్చును. అట్టి సంప్రదాయమొకటి హైదరాబాదునందలి ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలోను, దాని ప్రక్కనున్న తార్నాకలోను ఎట్లు వేరూనినదో, అందు హాస్యమునకు గల పని యేమో నేటి ప్రసంగమున శ్రోతలకు మనవి చేయదలచినాను.

పాశ్చాత్య దేశములలో గిటారు, డ్రమ్ములు మ్రోగించుచు పాడెడి రాక్ సంగీతమున హాస్యమునకై ఏర్పడిన బృందములు కొన్ని కలవు. 1962లో లండను చిత్రకళాశాలల విద్యార్థులు కొందరు 'బాంజో డాగ్ డూ డా బ్యాండు' అను పేర ఒక మేళమును కూర్చిరి. వారు వట్టి పాటతో తృప్తి పడలేదు. వేదికమీద మరబొమ్మలను నిలిపి, ముసుగులు వేసికొని, నడుమ నడుమ టపాకాయలవలె పేలుళ్లు పేల్చి, పాటను సగము నాటకముగ మార్చిరి. అమెరికాలో ఫ్రాంక్ జాప్పా తన 'మదర్స్ ఆఫ్ ఇన్వెన్షన్' బృందముతో 1968లో వెలువరించిన ఒక సంపుటికి వేసిన బొమ్మయే బీటిల్స్ వారి ప్రసిద్ధ సంపుటికి వెక్కిరింత. 1984లో 'స్పైనల్ టాప్' అను కల్పిత బృందమును గూర్చి ఒక చలనచిత్రము వచ్చెను. రాక్ గాయకుల డంబమును ఎగతాళి చేయుటకై పుట్టిన ఆ లేని బృందము పిమ్మట నిజముగనే వేదిక లెక్కి ప్రదర్శనము లిచ్చెను. ఈ బృందములన్నింటికిని ఒక సామాన్య లక్షణము కలదు. అవి ముందుగ తమ్ము తామే నవ్వులపాలు చేసికొనును. గాయకుడు మహావీరునివలె నిలిచి పాడుచుండగా, అతని ప్రక్కనున్నవాడే అతని గాలి తీసివేయును. చూచువారికి ఆ క్షణమునుండి ఆ బృందముపై నమ్మకము కుదురును. తన్ను తాను వదలిపెట్టనివాడు మరెవ్వనిని వదలిపెట్టడు గదా!

ఈ లక్షణము మనకు క్రొత్తది కాదు. తెలుగునాట గిటారు రాకముందే గుమ్మెట యున్నది. బుఱ్ఱకథను చూచినవారికి దీనిని వేరుగ చెప్పనక్కరలేదు. నడుమ కథకుడు భుజముమీద తంబుర నుంచుకొని, బొటనవ్రేలికి అందెలు తొడిగికొని, ముందు వెనుకలకు అడుగులు వేయుచు కథ చెప్పును. అతనికి ఇరుప్రక్కల ఇద్దరు వంతపాటగాండ్రు గుమ్మెటలు వాయించుచు 'తందాన' యని అందుకొందురు. వారిలో ఒకడు రాజకీయము చెప్పువాడు, రెండవవాడు హాస్యగాడు. పురాణ కథలోనైనను, వీరగాథలోనైనను, మొదటివాడు దానిని నేటి లోకమునకు అన్వయించును. రెండవవాడు దానిని నేలకు దింపును.

ఈ రెండవవాని పని ఎంత సూక్ష్మమైనదో ఒక ఉదాహరణము చెప్పెదను. ఇది నేను కల్పించినదే. కథకుడు ఆవేశముతో, రాజుగారు నూరు ఏనుగులతో దండయాత్రకు వెడలెనని పాడుచున్నాడనుకొనుడు. హాస్యగాడు గుమ్మెట ఆపి, 'అన్నా, ఆ నూరు ఏనుగులకు మేత ఎవరు వేసిరి?' అని అమాయకముగ అడుగును. జనము పకపక నవ్వును. కథకుడు తడబడినట్లు నటించి, 'ఊరివారు వేసిరి తమ్ముడా' యనును. 'ఊరివారికి ఎవరు వేసిరి?' అని హాస్యగాడు మరల అడుగును. ఈసారి నవ్వు కొంత తగ్గును. ఆ తగ్గిన నవ్వులోనే కథయొక్క సారమంతయు ఉన్నది. పది పుటల ఉపన్యాసము చేయలేని పనిని రెండు వెర్రి ప్రశ్నలు చేసినవి. హాస్యగాడు తెలివిలేనివానివలె నటించుటచేత ప్రేక్షకుడు తన తెలివిని తానే ఉపయోగింపవలసి వచ్చును.

పాలకులకు ఈ సంగతి త్వరగనే తెలిసినది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుఱ్ఱకథను ఊరూరికి కొనిపోయెను. గుంటూరు మండలమునందలి పొన్నెకల్లులో 1920లో జన్మించిన షేక్ నాజరు ఆ కళకు క్రొత్త ప్రాణము పోసెను. ఆయనకు 1986లో పద్మశ్రీ వచ్చినది. అంతకు చాల ముందు మద్రాసులో ఆంగ్ల ప్రభుత్వమును, హైదరాబాదులో నిజాము ప్రభుత్వమును బుఱ్ఱకథను నిషేధించియుండినవి. ముగ్గురు మనుష్యులు, ఒక తంబుర, రెండు గుమ్మెటలు! ఇంత చిన్న మేళమునకు రెండు ప్రభుత్వములు భయపడినవన్న, ఆ భయమునకు కారణము తంబుర కాదని ఊహింపవచ్చును.

తెలంగాణములో దీనికి తోడుగ ఒగ్గుకథ కలదు. శివుని డమరుకమునే ఒగ్గు అందురు. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల కథలను డోలు, తాళములతో రాత్రి తెల్లవార్లు చెప్పుదురు. జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య, వేములవాడ ప్రాంతపు మిద్దె రాములు ఈ కళలో పేరొందినవారు. ఒగ్గుకథకు డొక్కడే రాజగును, రాణియగును, మంత్రసానియగును, మరుక్షణమున మరల తానగును. కొంగు నెత్తిన కప్పుకొన్న ఆడుది, తీసివేసిన మగవాడు. వేషము మార్చుటకు తెర అక్కరలేదు. ప్రక్కనున్న సహచరుడు 'ఇప్పుడే మీసము దువ్వినావు, ఇప్పుడే సిగ్గు పడుచున్నావు, నీవెవ్వడవయ్యా?' యన్న తరహాలో ఆటపట్టించినను కథ చెడదు. పైపెచ్చు జనము కథకు మరింత దగ్గరకు జరుగును. నాటకశాలలో తెర వెనుక దాచెడి దానిని ఇచ్చట అందరి యెదుట చేసి, అందులోనుండియే నవ్వు పుట్టింతురు.

ఈ రెండు ప్రవాహములును నగరమునకు వచ్చి చేరిన తావు ఉస్మానియా ఆవరణము. విశ్వవిద్యాలయము 1918లో వెలసినది. దాని ఆర్ట్స్ కళాశాల భవనమునకు 1934లో పునాది వేసి, 1939లో ప్రారంభోత్సవము చేసిరి. బెల్జియము దేశపు శిల్పి జాస్పరు దానికి రూపకల్పన చేసెను. ఆ గులాబివన్నె రాతిభవనము ముందరి మెట్లును, వాని యెదుటి విశాలమైన బయలును చూచినవారికి, కట్టినవారు కళాశాలతోపాటు తమకు తెలియకయే ఒక రంగస్థలమును కూడ కట్టిరని తోచును. ఆ బయటినుండి ఒక దారి తార్నాక కూడలికి పోవును. తార్ అనగా ఉర్దూలో తీగ; నాకా యనగా కావలి చోటు. పూర్వము ఇచ్చటి తోటలకు చుట్టును ముళ్లతీగ కట్టి కావలి యుంచుటచేత ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. నేడు తార్నాక ప్రాంతము సికింద్రాబాదునుండి ఉప్పలు పోవు దారిలో రసాయన పరిశోధనాలయము, పోషకాహార సంస్థ, జీవకణ పరిశోధన సంస్థ మొదలగువానితో నిండియున్నది. 2017నుండి మెట్రో రైలు అచ్చట ఆగుచున్నది. విద్వాంసులు, ఉద్యోగులు, అద్దె గదుల విద్యార్థులు, కోస్తా జిల్లాలనుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు ఒకే వీధిలో కాపురము చేయుచున్నారు. ఈ ఇరుగుపొరుగును శ్రోతలు మనస్సున నుంచుకొన ప్రార్థించుచున్నాను. దీని యవసరము ముందు వచ్చును.

ఈ ఆవరణలో పాట మొదటినుండియు ప్రమాదకరమైన వస్తువే. 1938లో వందేమాతర గీతము పాడినందుకు విద్యార్థులను వసతిగృహములనుండియు కళాశాలనుండియు వెడలగొట్టిరి. అనేకులు నాగపురము పోయి చదువు ముగించుకొనవలసి వచ్చెను. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమమునకు ఈ ఆవరణమే కేంద్రమైనది. భాష సంగతి యింకను చిత్రమైనది. ఇచ్చట మొదట ఉర్దూ బోధనభాష. 1948 తరువాత ఆంగ్లము వచ్చెను. తెలుగు శాఖలో పుస్తకముల తెలుగు సింహాసన మెక్కెను. పల్లెనుండి వచ్చిన పిల్లవాని యింటిమాటకు మాత్రము ఏ కాలమునను గద్దె దొరకలేదు. అతడు తరగతిలో నోరు విప్పిన ఇతరులు నవ్విరి. చలనచిత్రములలో చాలకాలము తెలంగాణపు యాసను మాటలాడువాడు రౌడీయో, విదూషకుడో అయ్యెను. ఆ నవ్వు వాని మాటలోని చమత్కారమునకు కాదు, వాని మాటకే. ఈ భేదమును గమనింపవలెను. ఒకడు చెప్పినదానికి నవ్వుట వానికి గౌరవము. ఒకడు మాటలాడెడి తీరునకు నవ్వుట వానికి అవమానము.

ఈ అవమానమును తిరుగదిప్పిన కళారూపమే ధూంధాం. దానికి ముందు జననాట్యమండలి దారి చూపెను. 1972లో దర్శకుడు బి. నర్సింగరావు మొదలగువారు హైదరాబాదులో ప్రారంభించిన కళాప్రియుల సంఘమునుండి అది రూపొందినది. అందు ప్రసిద్ధుడైన గద్దరు, తూప్రానునందు 1949లో జన్మించి, ఉస్మానియాలో ఇంజనీరింగు చదువుచుండినవాడు. గోచి కట్టి, గొంగడి భుజమున వేసికొని, గజ్జెలు కట్టి, కఱ్ఱ చేతబట్టి అతడు వేదికపై నిలిచిన విధము తెలుగుదేశమంతయు ఎరుగును. ఉత్తరాంధ్రనుండి వచ్చిన వంగపండు ప్రసాదరావు ఆ ప్రాంతపు యాసతో అంతటి చమత్కారమును తెచ్చెను. ఐనను ఆ మండలి పాటలో కోపము ముందు నడిచెను. నవ్వు వెనుక నడిచెను. విప్లవము చెప్పువారికి నవ్వుటకు తీరిక తక్కువ.

2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఈ వరుసను మార్చెను. రసమయి బాలకిషన్, గోరటి వెంకన్న, అంతడుపుల నాగేశ్వరు మొదలైన పాటగాండ్రు దానిని నిలబెట్టినవారిలో ముఖ్యులు. పేరే ఒక ప్రకటన. సభ యనలేదు, గోష్ఠి యనలేదు. సందడి, ఆర్భాటము అను అర్థమున ఉర్దూ మాటను గ్రహించి, పెండ్లి పందిటివలె జనమును పిలిచిరి. ఉద్యమ సభయనిన రానివాడు ధూంధామనిన పిల్లలను వెంటబెట్టుకొని వచ్చును.

ఈ ప్రదర్శనము నడచు విధమును కొంచెము విప్పి చెప్పెదను. ముందు డప్పు. వేపకఱ్ఱ చట్రమునకు మేకతోలు బిగించినది డప్పు. ప్రదర్శనమునకు ముందు గడ్డిమంటపై కాచి తోలును బిగింతురు. కుడిచేత మొద్దుగా నుండు చిఱ్ఱ, ఎడమచేత సన్నని చిటికెన పుల్ల. ఈ రెండింటి జోడు దెబ్బలవలననే ఆ గతి పుట్టును. చావునకును, చాటింపునకును పిలిచి, తక్కిన దినములలో ఊరి వెలుపల నుంచిన వాద్యమిది. దానిని వేదిక నడుమకు తెచ్చుటయే మొదటి తిరుగుబాటు. డప్పు పది నిమిషములు మ్రోగిన పిదప ప్రధాన గాయకుడు గజ్జెలతో ప్రవేశించును. అతని వెనుక వంత బృందము, అందు ఆడువారును ఉందురు. గాయకు డొక పాదము పాడును. వంతవారు దానినే తిరిగి పాడుదురు. ఈ తిరుగుడు అలంకారమునకు కాదు. వేలమంది కూడిన బయటిలో చివర నిలిచినవాడు మొదటిసారి వినకపోయినను రెండవసారి వినును; మూడవసారి తానే పాడును.

ఇంతలో డప్పు చటుక్కున ఆగును. ఈ ఆగుటయే హాస్యమునకు తలుపు. పాట నడుమ గాయకుడు మాట మొదలిడును. ఒక మంత్రి నడకను, ఒక అధికారి ఇంగ్లీషును, ఒక నాయకుడు ఉదయ మొక మాట సాయంత్ర మొక మాట చెప్పు తీరును అభినయించి చూపును. మాట ముగియు వరకు వాద్యము ఊపిరి బిగబట్టి యుండును. నవ్వు పైకి లేచి, ఇక చల్లారబోవునన్న క్షణమున డప్పు మరల అందుకొనును. ఒక రెప్పపాటు ముందైన మాట వినబడదు. ఒక రెప్పపాటు వెనుకైన నవ్వు చచ్చును. ఆ గడియను ఎరిగిన డప్పుకాడే ఆ బృందమునకు అసలు దర్శకుడు. రాక్ మేళములలో డ్రమ్ములవాడు చేయు పనియు ఇదియే. నేను చూచిన ఒక విద్యార్థి బృందములో పాటగాడు తాను చెప్పిన చమత్కారమునకు తానే ముందు నవ్వెను. డప్పువాడు వెంటనే ఒక దెబ్బ వేసి వానిని ఆపి, జనము వైపు చేయి చూపెను. జనము దానికే ఎక్కువ నవ్వెను. బుఱ్ఱకథలోని హాస్యగాడు డప్పు పట్టుకొని తిరిగి వచ్చినాడని నాకప్పుడు తోచినది.

యాస సంగతి ఇచ్చట తెలియవచ్చును. తరగతిలో సిగ్గుపడిన మాట వేదికమీద యజమాని యయ్యెను. ఆ మాట తెలియనివాడు నవ్వలేక ప్రక్కవానిని అర్థమడుగవలసి వచ్చెను. వెనుక విదూషకుని నోట పెట్టిన యాసలోనే ఇప్పుడు దొరలు, ధనికులు, అధికారులు విదూషకులైరి. నవ్వు దిక్కు మారినది. ధూంధాం చేసిన పెద్దపని యిదియేనని నా అభిప్రాయము. పాటలు గొప్పవే, కాని ఆ పాటలు విన్న పల్లెపిల్లవాడు మరునాడు తరగతిలో నోరు విప్పుటకు భయపడకుండుట అంతకంటె గొప్ప.

2009 నవంబరు చివర ఉద్యమము మరల మండినది. డిసెంబరు 9వ తేది రాత్రి కేంద్ర ప్రభుత్వము తెలంగాణ రాష్ట్ర ప్రక్రియ ప్రారంభింతుమని ప్రకటించి, ఆ నెలలోనే వెనుకంజ వేయగా, ఉస్మానియా ఆవరణము యుద్ధభూమివలె నయ్యెను. ప్రవేశద్వారముల యొద్దను, తార్నాక దారిని పోలీసులు అడ్డుకట్టలు, ముళ్లకంచెలు నిలిపిరి. తీగయు, కావలియు కలిసిన ఆ ఊరిపేరు ఇన్నేండ్ల పిమ్మట మరల నిజమైనది. 2010 జనవరి 3వ తేదిన ఆవరణలో విద్యార్థి గర్జన జరిగెను. అచ్చటను, ఆర్ట్స్ కళాశాల యెదుట దినదినము జరిగిన కూటములలోను పాటయే ముందు నడిచినది. ఆ పాటకు పోటీగ మరియొక భయంకరమైన ధ్వని కూడ ఆ దినములలో వినవచ్చుచుండెను. యువకులు తమ దేహములకు నిప్పంటించుకొనుచుండిరి. 2010 ఫిబ్రవరిలో విశ్వవిద్యాలయ ద్వారము కడనే ఒక విద్యార్థి అట్లు నిప్పంటించుకొని, పిమ్మట ప్రాణములు విడిచెను.

అట్టి దినములలో నవ్వుట తగునా యని శ్రోతలు అడుగవచ్చును. ఈ ప్రశ్నను నేనును చాలకాలము ఆలోచించితిని. మరణించినవారిని గూర్చి పాడిన పాటలు వినినవారు కొందరు ఇండ్లకు పోయి అన్నము మానిరి. శోకము ఒంటరిగ చేయు పని; అది మనిషిని ఒక గదిలో మూయును. నవ్వు ఒంటరిగ రాదు. దానికి ప్రక్కవాడు కావలెను. ధూంధాంలో శోకగీతము వెంటనే హాస్యపు మాట వచ్చుట క్రమములో లోపము కాదు, అది వైద్యము. పదిమందితో కలిసి నవ్వినవాడు మరునాటి కూటమునకును వచ్చును. బ్రదికి చూడవలసినది యింకను ఉన్నదని తెలిసికొనును. పల్లెలో చావు డప్పు ముందు మనవారు చిందులు వేయుట చూచి పట్టణమువారు ఆశ్చర్యపడుదురు. దుఃఖమును భుజములమీద మోయుటకు కాళ్లకు ఒక లయ కావలెనని పల్లెవారు మనకంటె ముందు ఎరిగిరి.

ఐనను ఈ హాస్యమునకు ఒక ప్రమాదము కలదు. దానిని దాచిన ప్రసంగము సత్యము కాదు. పాలకుని వెక్కిరించుట వేరు, ప్రజను వెక్కిరించుట వేరు. ఉద్యమ ఆవేశములో కొన్ని వేదికలపై ఈ గీత చెరిగినది. ఒక ప్రాంతపు నాయకులమీద విసరిన మాట ఆ ప్రాంతమునుండి వచ్చిన సామాన్యునికి తగిలినది. తార్నాక ఇరుగుపొరుగును మనస్సున నుంచుకొనుడని నేను కోరినది ఇందుకే. ఆవరణలో మ్రోగిన మైకు ఆ వీధులలోని మేడలకు వినబడును. అచ్చట గుంటూరునుండి వచ్చిన ఉపాధ్యాయుడును, ఏలూరునుండి వచ్చిన గుమాస్తాయు కిటికీ తెరచి వినుచుందురు. మంచి చమత్కారము వినిన వారును నవ్విరి. ఏలయన, దొరతనము వారి ఊళ్లలోను ఉన్నది. చెడ్డ చమత్కారము వినినప్పుడు కిటికీ మూసికొనిరి. హాస్యము సరియైనదో కాదో తెలిసికొనుటకు ఆ కిటికీకంటె మంచి కొలత నాకు కనబడలేదు. ఒకని యాసను వెక్కిరించినందుకు బాధపడినవాడు మరియొకని యాసను వెక్కిరించిన, నవ్వు దిక్కు మారలేదు. నవ్వువాడు మాత్రమే మారినాడు.

2014 జూను 2వ తేదిన రాష్ట్ర మేర్పడినది. పాటగాండ్రకు గౌరవము దక్కినది. రసమయి బాలకిషన్ మానకొండూరునుండి శాసనసభ్యుడయ్యెను. ప్రభుత్వము తెలంగాణ సాంస్కృతిక సారథి యను సంస్థను నెలకొల్పి, ఆయనను అధ్యక్షుని చేసి, సుమారు 550 మంది కళాకారులకు ఉద్యోగము లిచ్చెను. గోరటి వెంకన్న 2020లో శాసనమండలి సభ్యుడయ్యెను; 2021 సంవత్సరమునకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము పొందెను. గద్దరు 2023 ఆగస్టు 6న పరమపదించగా ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిగినవి. 2025లో ఆయన పేర చలనచిత్ర పురస్కారములు ఇచ్చిరి. ఏ ప్రభుత్వమును ఎగతాళి చేసిరో ఆ ప్రభుత్వమే శాలువ కప్పుట కళకు విజయమే.

కళాకారుడు జీతము పుచ్చుకొనుట తప్పనువాడను నేను కాను. డప్పు కొట్టినవాడు పస్తుండవలెనని కోరుట నిండు కడుపువారి రసికత. కాని సారథికి అప్పగించిన పని ప్రభుత్వ పథకములను పాటలో ప్రచారము చేయుట. పథకమును పొగడు పాటకు కథకుడు దొరకును, వంతవాడును దొరకును. హాస్యగాడు మాత్రము దొరకడు. 'నూరు ఏనుగులకు మేత ఎవరు వేసిరి?' అని అడుగుటకు అందు చోటెక్కడ? ఆ ప్రశ్న లేనినాడు డప్పు బాగుగనే మ్రోగును, గజ్జెలు ఘల్లుమనును, జనము చప్పట్లు కొట్టును. కాని నవ్వు రాదు. అధికారమును పొగడు చమత్కారమునకు నవ్వినవారు ఎదుట వరుసలో కూర్చుండినవారే యగుదురు. తెలంగాణమునకు మాత్రమే పట్టిన కష్టము కాదిది. గెలిచిన ప్రతి ఉద్యమమును తన హాస్యగాని నేమి చేయవలెనో తెలియక తికమక పడును.

ఐతే హాస్యగాడు ఎక్కడికి పోయినాడు? ఎక్కడికిని పోలేదు, వాద్యము మార్చినాడు. ఈ నగరమునందే 'చౌరస్తా' యను బృందము గిటారును, పల్లె గొంతుకను కలిపి పాడుచు వెలుగులోనికి వచ్చెను. 2020లో కరోనా వ్యాపించి అందరు ఇండ్లలో బందీలై యున్నప్పుడు, చేతులు కలుపక దండము పెట్టుడని జానపద ఫక్కిలో వారు కూర్చిన పాట ఊరూరను వినబడినది. భయపెట్టు ప్రకటనలు వేనవేలు వచ్చుచుండగా, ఆప్యాయముగ బ్రతిమాలు పాట జనుల చెవికెక్కినది. లండను చిత్రకళా విద్యార్థులు మరబొమ్మలతో చేసినదియు, పొన్నెకల్లు నాజరు గుమ్మెటతో చేసినదియు, కామారెడ్డిలో డప్పుతో మొదలైనదియు, ఈ గిటారు పాటయు ఒకే వంశమునకు చెందినవని నేననుకొనుచున్నాను. వాద్యము ఏదైనను కావచ్చును. ప్రక్కన నిలిచి ప్రశ్నించువాడు ఒకడుండవలెను.

ఉస్మానియాలోనో, తార్నాక గదులలోనో నేడు క్రొత్తగ మేళము కట్టదలచిన యువకులకు నేను చెప్పదగిన మాట యొక్కటి. మంచి గాయకుని వెదకికొనుడు, లయ తప్పని వాద్యగాని వెదకికొనుడు. కాని వారికంటె ముందు, మీ పాట మీకే మిక్కిలి గొప్పగ తోచిన క్షణమున గుమ్మెట ఆపి, 'అన్నా, ఇదేమి?' అని అడుగువాని నొకని వెదకికొనుడు. వానికి జీతమును మీరే ఇయ్యుడు, కోపము వచ్చినను వానిని వెడలగొట్టకుడు. మీ మేళములో వాడున్నంతకాలము తార్నాక కిటికీలు తెరచియే యుండును.